గుర్రమంత ఎత్తు

మా దగ్గర బండ్లకి స్టీరింగు ఎడమచేతి వైపు ఉంటుంది. మా ఆయన కొన్నదానికి మాత్రం కుడివైపు. జపానులో ఎవరో వాడి వదిలేసిన బుల్లి జీపు అది. అది మా వాకిట్లోకి వచ్చిన రోజున నారిన్ లోయలో నవ్వనివాడు లేడు. "ఏం దోలోత్, స్టీరింగు రెండోవైపుకి పారిపోయిందా?" అని ఒకడు. "సగం ధరకి సగం బుర్రున్న బండి" అని ఇంకొకడు. అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది మా అత్తగారు, కలీపా అపా. "లోకమంతా ఒకపక్కన కూర్చుంటే నా కొడుకు రెండో పక్కన కూర్చుంటాడు. పుట్టినప్పుడూ అంతే, కాళ్ళు ముందొచ్చాయి" అంది.

పైగా అది పొట్టిది. ఎర్రగోధుమ రంగు కాబట్టి, ఆ రంగు గుర్రాన్ని పిలిచినట్టే దాన్నీ 'తోరు' అని పిలుస్తాం. పేరుకే గుర్రం. ఊరు దాటగానే రాయి కనిపిస్తే చాలు, దానికి పొట్ట ఆనించి కూర్చుండిపోయేది.

ఇక అపా సంగతి చెప్పాలి. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. మూడు శీతాకాలాల కిందట పంపు దగ్గర మంచు మీద జారిపడి కుడి తుంటి విరగ్గొట్టుకుంది. లోపల ఇనుపకడ్డీ వేశారు. కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తుంది, అందరి మీదా అరుస్తుంది, అంతవరకూ బాగానే ఉంది. గుర్రం మాత్రం ఎక్కొద్దన్నారు డాక్టర్లు. గుర్రం ఎక్కకపోతే తాష్‌సూ యేరు దాటి, రాళ్ళదారి ఎక్కి, పైన మేత మైదానానికి పోయేదెట్లా? పుట్టిన దగ్గర్నించీ ప్రతి వేసవీ అక్కడే గడిపిన మనిషి మూడేళ్ళుగా మా గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని కొండ వైపు చూస్తోంది.

పైన ఆవిడ కూతురు గుల్సున్, అల్లుడు ముకాష్ మందల్ని చూసుకుంటారు. జూన్ మొదట్లో ఆడగుర్రాల పాలు పితికి, తోలుతిత్తిలో పులియబెట్టి, ఒకరోజు ఆ తిత్తి మూతి విప్పుతారు. తొలి కుముజ్ అదే. మూతికి వెన్న రాసి దీవించేది ఇంటి పెద్దామె. నలభై ఏళ్ళు ఆ పని అపాదే. ఈ మూడేళ్ళు గుల్సున్ చేసింది. "నా కూతురు దీవిస్తుంటే మందుసీసా మీది కాగితం చదివినట్టుంటుందట" అని అపా సణుగుడు. కిందికి సీసాల్లో పంపిన కుముజ్ ఒక్క గుక్క తాగి, "ప్లాస్టిక్ నాకినట్టుంది" అని మూతి తుడుచుకుని పొరుగింటికి పంపేస్తుంది.

రెండేళ్ళ కిందట ఒకసారి ప్రయత్నం చేశాం. తోరులో అపాని ఎక్కించుకుని బయల్దేరితే, యేటి మధ్యలో నల్లబండ మీద బండి పొట్ట ఆనించి కూర్చుండిపోయింది. చక్రాలు నీళ్ళలో ఊరికే తిరుగుతున్నాయి. మా పక్కింటి బేషెన్ ట్రాక్టరు తెచ్చి లాగాడు. ఈలోపు మా ఆయన అపాని వీపు మీద వేసుకుని ఒడ్డుకి మోశాడు. ఒడ్డున ఊళ్ళో ఆడవాళ్ళు ఉన్ని ఉతుక్కుంటున్నారు. ఒక్కత్తె కిసుక్కుమంది. అంతే. ఇంటికొచ్చాక అపా కర్ర నేలకేసి కొట్టి చెప్పింది: "వినండి. నన్ను ఇక మోసేది ఒక్కసారే. అదీ నలుగురు కలిసి, ఊరవతలికి. ఈలోపు ఎవడైనా నన్ను ఎత్తుకున్నాడా, కర్ర వాడి నెత్తిన విరుగుతుంది."

ఆ తర్వాత మరి పైకి వెళ్ళే మాట ఎత్తలేదు. ఎత్తకపోవడానికే నాకు భయం వేసింది. అరిచే మనిషి అరవడం మానేస్తే ఇల్లంతా చల్లబడిపోతుంది.

ఈ వేసవి మా ఆయన రాజధాని బిష్కెక్ వెళ్ళి ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి మంచం కింద దాచాడు. నేను లాగి చూశాను. ఇంతేసి స్ప్రింగులు నాలుగు, షాకబ్జార్బర్లు నాలుగు, పొడుగాటి ఇనుపకడ్డీ ఒకటి, సంచీడు బోల్టులు, జపాను భాషలో ఒక కాగితం.

"ఏమిటిది?"

"లిఫ్టు కిట్టు బైబిచే. తోరుకి కాళ్ళు పొడుగవుతాయి."

బైబిచే అంటే ఇంటి దొరసాని. పని పడ్డప్పుడే నేను దొరసానిని. మిగతా రోజుల్లో 'ఏయ్'.

"ఎవరు బిగిస్తారు?"

"శనివారం అషార్ పెడుతున్నా. ఆదివారం పైన తిత్తి విప్పుతారు కదా. అపాని తీసుకెళ్ళిపోదాం."

అషార్ అంటే ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే ఊరంతా వచ్చి ఊరికే తలో చెయ్యి వెయ్యడం. ఇంటివాళ్ళు కడుపునిండా పెట్టాలి. "స్ప్రింగులు బిగించడానికి అషార్ ఏమిటి, బుద్ధుందా నీకు?" అని ఒంటికాలి మీద లేచాను. లేచాను గానీ, శుక్రవారమే పిండి కలిపి బోర్సోక్‌లు వేయించడం మొదలుపెట్టాను. అపా కోసం అన్నాడు కదా, నేనేం రాయిని కాను.

శనివారం పొద్దున్నే ఎనిమిది మంది దిగారు. ఎనిమిది పానాలు, ఎనభై సలహాలు. అందరికీ పెద్ద బేషెన్. ట్రాక్టరు నడుపుతాడు కాబట్టి ఇనుముతో చేసిందేదైనా తనకి మేనల్లుడే అనుకుంటాడు.

"ముందు వెనకవి విప్పాలి!"

"నీ మొహం, ముందువి ముందు!"

"ముందువి కాబట్టే ముందు అనుకుంటున్నావా?"

జాకీ పెట్టి ఎత్తితే జాకీ మట్టిలోకి దిగబడింది గానీ బండి పైకి లేవలేదు. అప్పుడు ఆరుగురు కలిసి, "ఓ... హై!" అని బండిని చేతుల్తో లేపి పట్టుకుంటే, మిగతా ఇద్దరు చట్రం కింద లావుపాటి దుంగలు తోశారు. అషార్ ఎందుకో అప్పుడర్థమయింది నాకు. పైకి మాత్రం అనలేదు.

చక్రాలు ఊడాయి. పాత షాకులు ఊడాయి. ఇరుసు కిందికి వాలగానే పాత స్ప్రింగు దానంతటదే దొర్లిపోయి కోళ్ళ గూటి దాకా పోయింది. కొత్త స్ప్రింగుని ఆ సందులో కూర్చోబెట్టడానికి ఇద్దరు ఇరుసు మీదెక్కి తొక్కారు. అన్నిటికంటే తంటా ఇరుసుని పక్కకి జారకుండా పట్టుకునే ఆ అడ్డకడ్డీతో వచ్చింది. కడ్డీ చివర ఇక్కడ, బోల్టు రంధ్రం రెండు వేళ్ళ అవతల. నలుగురు బండికి భుజాలానించి పక్కకి నెట్టారు. బేషెన్ కింద పడుకుని, "ఇంకా, ఇంకా, కాస్త, ఆగండర్రా, ఎక్కువైంది, వెనక్కి రండి... దూరింది!" అని అరిచాడు. ఆ అరుపుకి వీధి చివర కుక్కలు కూడా మొరిగాయి.

మధ్యాహ్నానికి చక్రాలు తిరిగి తగిలించి, బోల్టులన్నీ బిగించి చేతులు తుడుచుకుంటున్నారు. బండి ఇంకా దుంగల మీదే ఉంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. నేను ఆ జపాను కాగితం పట్టుకుని వెళ్ళాను. నాకు ఆ భాష రాదు. కానీ బడిపిల్లలకి బట్టలు కుట్టేదాన్ని, బొమ్మ చూసి కొలత చెప్పగలను. బొమ్మలో ఆఖరి బిగింపు దగ్గర చక్రాలు నేల మీదున్నాయి.

"ఈ బోల్టులన్నీ వదులు చెయ్యండి" అన్నాను.

బేషెన్ టోపీ వెనక్కి తోసుకున్నాడు. "మరదలా, టీకి సమోవారులో నీళ్ళు మరిగాయేమో చూడు."

నా కడుపు మండింది. "చెయ్యి పైకెత్తు" అన్నాను.

"ఎందుకు?"

"ఎత్తమన్నానా?"

ఎత్తాడు. వాడి చంక దగ్గర చొక్కా గుడ్డ గుప్పిట్లో బిగించి పట్టుకుని, "ఇలా చెయ్యెత్తి నిలబెట్టి అంగీ కుట్టేశాననుకో. ఇప్పుడు దించు" అన్నాను. దించబోతే చొక్కా మెలిపడి చంకలో పట్టేసింది. "పట్టేసిందా? మీరు బిగించిన రబ్బర్లన్నీ ఇప్పుడిలాగే ఉన్నాయి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, నేల మీదకి దిగ్గానే అన్నీ మెలిపడతాయి. నాలుగు రోజుల్లో చిరుగుతాయి. బండిని కిందికి దించి, దాని బరువు దాని కాళ్ళ మీద పడ్డాక బిగించండి."

మా ఆయన మీసాల్లో నవ్వుకుంటూ బండి కిందకి దూరి బోల్టులు వదులు చేయడం మొదలుపెట్టాడు. బేషెన్ చంక తడుముకుంటూ, "ఇదే నేనూ చెబుదామనుకుంటున్నా" అన్నాడు. ఎనిమిది మందీ ఒక్కసారే నవ్వారు.

దుంగలు తీసి, బండిని దించి, బరువు మీద అన్నీ బిగించాక అందరం దూరంగా జరిగి చూశాం. అబ్బ! ఏం నిలబడింది! నిన్నటిదాకా దాని కిందికి కోడి దూరాలంటే తల వంచాల్సొచ్చేది. ఇప్పుడు మా గొర్రెపిల్ల ఒకటి ఈ పక్కన దూరి ఆ పక్కన తేలింది. మగాళ్ళు పిల్లల్లాగా వంతులేసుకుని ఎక్కడం, దూకడం. ఒకడు గుర్రాన్ని అదిలించినట్టు "చూ!" అన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోతోంది. పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

"అపాని పిలువు!" అన్నాడు నాతో.

అపా పిలిపించుకోలేదు. పొద్దున్నించే తయారై కూర్చుంది. తెల్లటి రుమాలు, మఖమల్ కోటు, మెత్తటి తోలు బూట్లు. కర్ర టకటకలాడిస్తూ వచ్చింది. తోరు చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు తీసిన చోటికొచ్చి ఆగింది. సీటు ఆవిడ రొమ్ముల ఎత్తున ఉంది.

ఎనిమిది మంది మగాళ్ళు, మా ఆయన, ఒక దర్జీదాన్ని నేను, పొద్దున్నించీ కొలతలే కొలతలు. అపా కాలు ఎంత ఎత్తు లేస్తుందో ఒక్కరం కొలవలేదు. మా వాళ్ళకి నడక రాకముందే గుర్రమెక్కడం వస్తుంది. ఎత్తు అంటే ఎక్కేదే గానీ, ఎక్కలేనిదని మాకు తట్టదు.

"ఒక్క క్షణం అపా, నేనలా ఎత్తి..." అని మా ఆయన రెండు చేతులూ చాచాడు.

అపా కర్ర లేచింది. "తాకు చూస్తాను."

బేషెన్ పరిగెత్తి పాలు పితికే పీట తెచ్చాడు. అపా దాన్ని పురుగుని చూసినట్టు చూసింది. అయినా ఎక్కింది. పాపం, వెళ్ళాలని అంత ఉంది ఆవిడకి. పీట మీద ఎడమకాలు పెట్టి లేచి, ఎడమచెయ్యి ముందుకి చాచింది. అక్కడ చేతికి అందేదేం లేదు. చెయ్యి గాల్లో తడుముకుంది. పీట కోడు మట్టిలో దిగబడి పక్కకి ఒరిగింది. నేను నడుం పట్టుకోకపోతే పడేదే. నా చేతుల్లో ఆవిడ ఒళ్ళు వణకడం నాకు తెలిసింది. అపా వణకడం నా ముప్ఫయ్యేళ్ళ కాపురంలో అదే చూడటం.

కర్ర అందుకుని, రుమాలు సర్దుకుని, "బాగుంది బండి. వెళ్ళిరండి మీరు. గుల్సున్‌నే దీవించమనండి" అని ఇంట్లోకి వెళ్ళిపోయింది. అరవలేదు.

మా ఆయన మొహం చూడలేకపోయాను. పానా అందుకుని మళ్ళీ బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "విప్పేద్దాం. పాతవే వేద్దాం" అన్నాడు.

"పాతవేస్తే యేరు దాటదు కదరా" అన్నాడు బేషెన్.

"దాటకపోతే ఏం? దాటి ఎవరిని తీసుకెళ్ళాలి?"

"ముందా పానా కింద పెట్టు!" అని అరిచాను నేను. ఎందుకరిచానో నాకే అప్పటికి తెలీదు. నా కళ్ళకి ఆ చెయ్యే కనిపిస్తోంది, గాల్లో తడుముకున్న చెయ్యి. అది పట్టుకోవడానికి వెతుక్కున్నది బండిని కాదు. జూలుని. ఎడమకాలు పైన, ఎడమచెయ్యి ముందుకి. అపా గుర్రమెక్కుతోంది!

కొట్టంలోకి పరిగెత్తాను. మూల గోనెపట్టా కింద అపా జీను ఉంది. ఎడమవైపు వేలాడే రికాబు, పాదం పెట్టుకునే ఆ ఇనుపగాజు, దాని తోలుపటకాతో సహా విప్పుకొచ్చాను. పటకాని సీటు కాలికి చుట్టి కట్టి, తలుపు గడప మీదుగా రికాబుని బయటికి వేలాడేశాను. ముందు అద్దం పక్కనున్న పిడికి గుర్రపు వెంట్రుకల తాడు మెలితిప్పి గుప్పిటకి సరిపోయేలా కట్టాను.

మా ఆయన చూస్తూ నిలబడ్డాడు. నేను పనిచేస్తూనే తిట్లు లంకించుకున్నాను. "మీ అమ్మకి పాడైంది ఏ తుంటి? కుడిది. గుర్రం ఏ పక్కన్నించి ఎక్కుతారు? ఎడమ. ఏ కాలి మీద లేస్తారు? ఎడమకాలి మీద. ఊళ్ళో అందరి బండ్లకీ పక్కసీటు కుడివైపు, కుడికాలి మీద లేవాలి, ఆ కాలు లేవదు. మన బండికి పక్కసీటు ఎక్కడుంది?"

మా ఆయన నోరు తెరిచాడు. "ఎడమవైపు" అన్నాడు బేషెన్, మసీదులో మాట్లాడినంత మెల్లగా.

అపా దగ్గరికెళ్ళాను. కోటు విప్పబోతోంది. పిలిస్తే రాదని తెలుసు. "అపా, రికాబు ఒకటి కట్టాను. పటకా పొడుగు కుదిరిందో లేదో నాకు తెలిసి చావదు. ఒకసారి చూస్తారా?" అన్నాను.

"రికాబా? దేనికి కట్టావు?"

"తోరుకి."

ఆవిడ కోటు గుండీలు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత కర్ర అందుకుంది.

బయటికొచ్చి పటకా చూడగానే మండిపడింది. "ఎవరు నేర్పారే నీకు? ఇలా కడితే కాలు బండి కిందకి జారిపోదూ? ఈ మడత ఇటు తిప్పు. మూడు చిల్లులు దించు. చాల్లే, రెండు చాలు." పటకాని మోచేతికి ఆనించి కొలుచుకుంది. తాడు లాగి చూసింది. "ఇది మాత్రం బాగా పేనావు" అంది. ఆవిడ మళ్ళీ అరుస్తుంటే నాకు ఒళ్ళంతా వెచ్చబడింది.

కర్ర నా చేతిలో పెట్టింది. ఎడమపాదం రికాబులో పెట్టింది. ఎడమచేత్తో తాడు, కుడిచేత్తో సీటంచు పట్టుకుంది. "బిస్మిల్లా" అని ఒక్క ఊపు. తెల్ల రుమాలు పైకి లేచింది. ఇంకో క్షణానికి సీట్లో కూర్చుని మా అందరినీ పైనుంచి చూస్తోంది.

ఎనిమిది టోపీలూ గాల్లోకి ఎగిరాయి. బేషెన్ మా ఆయన్ని కావలించుకుని ఏడ్చేస్తున్నాడు. అపా గంభీరంగా స్టీరింగు వైపు చూసి, "నా కొడుకు సరైన పక్కనే కొన్నాడు. మీకే తెలివిలేక నవ్వారు" అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది తనేనని గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. తాష్‌సూ నిండుగా పారుతోంది. నేను వెనక సీట్లో కళ్ళు మూసుకున్నాను. నీళ్ళు పొట్ట కింద గలగలమంటూ పోయాయి గానీ పొట్టకి తగల్లేదు. నల్లబండ దగ్గరికొచ్చేసరికి అపా కిటికీ దించి, "ఏరా, ఇంకా ఇక్కడే పడున్నావా?" అని పలకరించింది. తోరు ఒక చక్రం దాని మీదెక్కించి, దిగి, దాటేసింది. రాళ్ళదారిలో మేమంతా ఎగిరెగిరి పడుతుంటే అపా మాత్రం తాడు పట్టుకుని, నడుం నిటారుగా, గుర్రం మీద ఊగినట్టు ఊగుతూ కూర్చుంది.

పైకెక్కేసరికి గుడారాల దగ్గర్నించి ముకాష్ పరిగెత్తుకొచ్చాడు. పెద్దవాళ్ళు గుర్రం మీదొస్తే ఇంటి అల్లుడు ఎదురెళ్ళి, ఒక చేత్తో కళ్ళెం, ఇంకో చేత్తో రికాబు పట్టుకుని దించాలి. మాకది మర్యాద. ముకాష్ వచ్చి తోరు ముందు ఆగిపోయాడు. గుర్రం లేదు. రికాబుంది. ఒక్క క్షణం ఆలోచించి, ఎడమచేత్తో బండి పక్క అద్దాన్ని కళ్ళెంలా పట్టుకుని, వంగి కుడిచేత్తో రికాబు పట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అపా అతని భుజం మీద చెయ్యేసి, రికాబులో కాలుపెట్టి, మూడేళ్ళ తర్వాత తన గడ్డి మీద తన కాళ్ళతో తనే దిగింది. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను, చెబితే సిగ్గేముంది.

తిత్తి మూతికి వెన్న రాసింది అపా. "పాలు తరగకూడదు, పిల్లలు కుంటకూడదు, వచ్చినవాడు దాహంతో పోకూడదు" అంది. అందరం అరచేతులు మొహానికి తుడుచుకుని "ఓమీన్" అన్నాం. తొలి గిన్నె తాగి, మూతి తుడుచుకోకుండా, కళ్ళు మూసుకుని అలాగే కాసేపుంది.

అవతల మా ఆయన తోరు బానెట్ ఎత్తాడు. ఎక్కి వచ్చిన వేడికి ఆవిర్లు కక్కుతోంది. బకెట్టుతో నీళ్ళు తెచ్చి పోయబోతుంటే అపా కళ్ళు తెరిచింది.

"ఒరేయ్! చెమటతో ఉన్నదానికి నీళ్ళు పెడతావా? ముందు నాలుగడుగులు నడిపించు!"

మా ఆయన బకెట్టు కింద పెట్టి, బానెట్ దించి, కుడివైపు ఎక్కి, తోరుని గుడారాల చుట్టూ మెల్లగా రెండుసార్లు తిప్పుకొచ్చి, ఆపి కాసేపు నిలబెట్టాడు. అపా కర్ర ఊపుకుంటూ వెళ్ళి, దాని ముక్కు మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"ఇప్పుడు పెట్టు" అంది.